ద్వారబంధముపై పంటిగాట్లు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా అబ్బాయి కువైట్ వెళ్లినప్పటి నుంచీ, మేం తాళం వేసి గడప దాటితే చాలు, 3 ఏళ్ల మా కుక్క వీధి తలుపు గీకేస్తోంది, ద్వారబంధం కొరికేస్తోంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లి వచ్చేసరికి గోళ్లు చిట్లి రక్తం కారుతోంది. కొట్టబోతే తల దించుకుని మూల నక్కుతుంది. తప్పు చేశానని దానికి తెలిసినట్టే కదండీ? నమలడానికి కొబ్బరి డొక్క వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ గోళ్లను మీ ఊరి పశువైద్యునకు చూపింపుడు. కనుమనాటి బాణసంచా చప్పుడునకు బెదరినదేమోయని సందేహింపవచ్చును గాని, చప్పుడు లేని దినములలోను ఇట్లే చేయుచున్నది గదా. పని లేక విసిగిన కుక్కయైనచో చెప్పులు, దిండ్లు, చేతికందినదెల్ల చింపును. 7 నెలలు నిండని కూనయైనచో పండ్లు మొలచు దురదకు కొరుకును. యజమానులు వెడలిన దారినే పట్టి, రక్తము చిందునంతగా తలుపును త్రవ్వు కుక్క మాత్రము మీ వెంట రాజూచుచున్నది. ఈ వియోగభీతి సాధారణముగా మీరు వెడలిన మొదటి అరగంటలోనే ఉగ్రరూపము దాల్చును. ఊళవేయుట, చొంగ కార్చుట, ఇంటిలోనే మూత్రము విడుచుట దాని తోడిలక్షణములు. సెల్‌ఫోనును కిటికీలో నిలిపి చిత్రించినచో మీకే తెలియును. ఇంటిలోని యొకరు దూరదేశమునకు పోవుట దీనికొక హేతువు కాగలదు. గల్ఫునకు మనిషిని పంపని వీధి మన కోనసీమలో అరుదు.

ఇక తల దించుట. 2009లో అమెరికాకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలను పరీక్షింపగా, తప్పు చేసినను చేయకున్నను, యజమాని గద్దించినప్పుడే అవి ఆ దీనముఖము ఎక్కువగా పెట్టినట్లు తేలినది. మీ కుక్కది పశ్చాత్తాపము కాదు, దెబ్బల భయము. దండన ఈ వ్యాధిని పెంచునే గాని తగ్గింపదు.

తాళపుచెవుల చప్పుడు వినగానే దానికి కలవరము పుట్టుచుండును గనుక, పలుమార్లు వాటిని గలగలలాడించి ఎక్కడికిని పోక అరుగుమీదనే కూర్చుండుడు. అది లెక్కచేయుట మానిన పిమ్మట, తలుపు చేరవేసి అరనిమిషము, ఒక నిమిషము, 5 నిమిషములు వెలుపల నిలిచి, అది బెంగపడకమునుపే లోనికి రండు. ఈ అభ్యాసము సాగినన్నాళ్లు, ఊరు వెళ్లవలసివచ్చినచో పొరుగువారికి అప్పగింపుడు. ముదిరిన వ్యాధికి ఫ్లూయాక్సెటిన్, క్లోమిప్రమిన్ అను మందులు కలవు. అవి వారములు గడచినగాని గుణమీయవు. వాటిని పశువైద్యుడే తూకము చూచి నిర్ణయింపవలెను. మనుష్యులకు తెచ్చిన మాత్రలు విరిచి పెట్టరాదు.

డొక్క వద్దు. పీచు మ్రింగినచో ప్రేగులలో ఉండకట్టి అడ్డుపడవచ్చును. చిప్పయైనచో పండ్లు విరుగును. బోలుగానుండు గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నము కూరి యిండు. మీరు లేనంతసేపు దానిని ముట్టక, మీరు వచ్చిన పిదప ఆవురావురని తినినచో, నా రోగనిర్ణయము మరింత రూఢియైనట్లే.