రక్తం రంగు మారిస్తే సరిపోతుందా?

ఈ వారం పాఠం ఫోన్‌లో ఆడే తుపాకుల ఆటల గురించి.

సెన్సార్ అంటే ఏమిటి?
జనం చూసేదాన్ని ముందుగా చూసి, తగనిది ఆపడం లేదా ఏ వయసువాళ్ళు చూడవచ్చో చెప్పడం. సినిమాలకు 1952 నాటి చట్టం ఉంది. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. "యు" అంటే అందరూ చూడవచ్చు. "ఎ" అంటే 18 ఏళ్ళు నిండినవాళ్ళే చూడాలి. నడుమ "యు/ఎ" ఉంది. 2023లో చట్టం మార్చి దాన్ని 7, 13, 16 ఏళ్ళు అని మూడు రకాలు చేశారు. "ఎ" సినిమా అయితే టాకీసు గేటు కాడ మనల్ని ఆపుతారు. ఫోన్ ఆటకు గేటు కాడ మనిషి లేడు.

పబ్జీ సంగతి
ఈ ఆటలో 100 మంది ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ ఒకటి. హింస ఉందని ఆపారని నేను అనుకున్న. కాని ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత, మన వివరాలు బయటి దేశాలకు పోతున్నాయని.

2021 జులైలో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ అదే ఆటను బీజీఎంఐ అనే పేరుతో తెచ్చింది. ఎర్రటి రక్తాన్ని ఆకుపచ్చ చేసింది. 2022 జులైలో దాన్నీ ఆపారు. 2023 మే నెలలో మళ్ళీ వచ్చింది. 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు 3 గంటలే అని నియమం పెట్టారు. రక్తం పచ్చగా కారినా తుపాకి తుపాకే కదా!

ఆడినవాళ్ళంతా చెడిపోతారని నేను అనడం లేదు. పిల్లలకు ఇలాంటి ఆటలు అమ్మకూడదని అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేస్తే, 2011లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆటల వల్లే పిల్లలు హింసకు దిగుతారని రుజువు కాలేదని చెప్పింది.

మా ఇంట్లో జరిగింది
ఎండాకాలం సెలవుల్లో అమ్మ ఫోన్‌లో ఇలాంటి ఆటే ఒకటి ఎక్కించిన. అది వయసు అడిగింది. అమ్మ ఆధార్ కార్డు చూసి ఆమె పుట్టిన సంవత్సరం కొట్టిన. అమ్మకు చదువు రాదు. రెండో తరగతి తమ్ముడు నా పక్కన కూచొని అంతా నేర్చుకున్నడు.

నేను హాస్టల్‌కు వచ్చిన. ఆదివారం నా వంతు వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే కట్ అయింది. మూడు ఆదివారాలు అట్లనే. నాలుగో వారం అమ్మ ఎత్తి, "మూడు వారాలాయె, ఎందుకు ఫోన్ చేస్తలేవు బిడ్డా?" అన్నది. నాకు ఏడుపు వచ్చింది. తమ్ముణ్ణి పిలిచి తిట్టిన. వాడు, "ఆట నడుమ ఎత్తితే నేను చచ్చిపోత కదా అక్కా" అన్నడు. ఆ మాట వానికి నేర్పింది నేనే.

అప్పుడు అమ్మకు పుట్టిన సంవత్సరం సంగతి చెప్పిన. అమ్మ కోప్పడలేదు. "నువ్వు ఏం నొక్కినవో నాకెట్ల తెలుస్తది?" అన్నది. తిట్టినా బాగుండేది.

నేస్తాలారా, ప్రభుత్వం యాప్‌ను ఆపగలదు. కంపెనీ రంగు మార్చగలదు. కాని మన తండాల్లో చాలా ఇండ్లల్ల చదువు వచ్చింది మనకే. గేటు కాడ మనిషి మనమే. దసరా సెలవులకు పోయినప్పుడు తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకొని, వానికి చెప్పే ఆ ఆట తీసేస్త.

ప్రశ్నలు
1. పబ్జీని ఏ కారణంతో నిషేధించారు?
2. సినిమా సెన్సార్‌కు, ఫోన్ ఆటకు తేడా ఏమిటి?
3. ఆట వయసు అడిగినప్పుడు నువ్వు ఎవరి పుట్టిన సంవత్సరం కొట్టినవు? (జవాబు రాయనక్కరలేదు. ఇంట్లో చెప్పు.)

— 9వ తరగతి విద్యార్థిని, బాన్సువాడ