పొగ లేని గంజాయి: ఛాతీకి కొంత తేలికే, మరి మెదడుకో?



"మావాడు గంజాయి పొగ బంద్ చేసిండు సారూ. గిప్పుడు ఏదో మిషన్ పట్టుకొచ్చిండు. దాంట్ల పొగే రాదంట, ఏం కాదంట. నిజమేనా?"

మెదక్ లాంటి చిన్న పట్టణంలో కూడా తల్లిదండ్రులు ఇలా అడిగే రోజులు వచ్చాయి. మన పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. వారి స్నేహితులకు అమెరికాలోనో కెనడాలోనో అన్నలు, అక్కలు ఉంటారు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి పెద్దవారు గంజాయి వాడటం చట్టసమ్మతం. అక్కడి మాట సెల్‌ఫోనులో క్షణంలో ఇక్కడికి చేరుతుంది. "కాల్చకుండా వేడి చేసి పీలిస్తే హాని లేదు" అన్నది ఆ మాటల్లో ఒకటి.

దీన్ని ఒక్క మాటలో కొట్టిపారేయడం సులువే. కానీ ఇందులో కొంత నిజం ఉంది. ఆ కాస్త నిజాన్ని మనం కాదంటే, మిగతా విషయంలో మనం చెప్పేది కుర్రవాడు నమ్మడు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు తెలుసుకుందాం.

ఆ మిషను ఏమి చేస్తుంది?

మన ఇళ్లలో వేపొరైజర్ అంటే జలుబు చేసినప్పుడు ఆవిరి పట్టే ప్లాస్టిక్ గిన్నె. దానిలో నీళ్లు మరుగుతాయి, అంతే. గంజాయికి వాడేది వేరు. అది కరెంటుతో గానీ బ్యాటరీతో గానీ ఆకును నేరుగా వేడి చేసే చిన్న పొయ్యి లాంటిది. బీడీ పీల్చేటప్పుడు దాని కొన ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఈ మిషను సుమారు 180 నుండి 220 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ వేడికి ఆకు మండదు, గోధుమ రంగుకు మాడుతుంది. దానిలోని మత్తు పదార్థం మాత్రం ఆవిరై పైకి వస్తుంది. ఈ మత్తు పదార్థం పేరు టీహెచ్‌సీ.

మంట లేదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ చాలా తక్కువ. తారు కూడా చాలా తక్కువ. ఇదీ ఇందులోని నిజం.

గంజాయి పొగలో పొగాకు పొగలో ఉండే విషవాయువులు, తారు దాదాపు అన్నీ ఉంటాయి. పైగా గంజాయి దమ్ము కొట్టేవారు లోతుగా పీల్చి, కొన్ని సెకన్లపాటు లోపల పట్టి ఉంచుతారు. అందువల్ల ఊపిరితిత్తుల్లో తారు మరింతగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి తాగితే పొద్దున్నే దగ్గు, కఫం, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. మన ప్రాంతంలో చాలామంది బీడీ పొగాకులో కలిపి తాగుతారు కనుక రెండు అలవాట్లు ఒకేసారి అంటుకుంటాయి. పొగ మాని ఆవిరికి మారినవారిలో దగ్గు, కఫం కొంత తగ్గినట్టు విదేశాల్లో జరిగిన చిన్న పరిశీలనల్లో కనిపించింది. మీ అబ్బాయి "ఇప్పుడు దగ్గు రావట్లేదు" అంటే అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కరలేదు.

అయితే దగ్గు తగ్గినంత మాత్రాన గంజాయి మందయిపోదు.

మత్తు తగ్గదు, పెరగవచ్చు

పొగ తాగేటప్పుడు గంజాయిలోని మత్తు పదార్థం కొంత మంటలో కాలిపోతుంది, కొంత బీడీ కొన నుండి గాలిలో కలిసిపోతుంది. మిషనులో ఆ వృథా తక్కువ. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. గంజాయి తరచుగా వాడని 17 మందికి ఒకే మోతాదును ఒకసారి పొగగా, మరోసారి ఆవిరిగా ఇచ్చి చూశారు. ఆవిరిగా పీల్చినప్పుడు రక్తంలో మత్తు పదార్థం ఎక్కువగా కనిపించింది. మత్తు, తడబాటు, ఆలోచనలో పొరపాట్లు కూడా ఎక్కువయ్యాయి. మోతాదు మారలేదు, పీల్చిన పద్ధతి మాత్రమే మారింది. పాత అలవాటు కొద్దీ పొగకు సరిపడినంత ఆకునే మిషనులో వేసుకొనేవారు ఈ సంగతి గమనించాలి.

ఇంకొక సంగతి ఉంది. పొగ గొంతును మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. ఒక విధంగా అదే "ఇక చాలు" అని ఆపే శక్తి. ఆవిరి అంతగా మండించదు కనుక ఆపేవారు ఉండరు. "హాని లేదు" అన్న నమ్మకం కూడా తోడైతే, రోజుకు ఒకసారి తాగేవాడు మూడుసార్లు పీలుస్తాడు. వాసన కూడా తక్కువ, త్వరగా పోతుంది. ఇంట్లో పెద్దలకు తెలియకుండా నెలలు గడిచిపోతాయి.

మెదడు ఇరవై ఐదేళ్ల వయసు దగ్గరి వరకు ఎదుగుతూనే ఉంటుంది. పదహారు, పదిహేడేళ్లకే గంజాయి మొదలుపెట్టిన పిల్లల్లో చదువుపై ధ్యాస, జ్ఞాపకశక్తి తగ్గుతాయి. గంజాయి వాడేవారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసవుతారని, చిన్న వయసులో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు అవుతారని వైద్యుల అంచనా. ఎక్కువగా వాడేవారిలో కొందరికి ఎవరో తనను వెంబడిస్తున్నారన్న అనుమానం, లేని మాటలు చెవిలో వినబడటం వంటి మానసిక వ్యాధి లక్షణాలు వస్తాయి. మేనమామకో, బాబాయికో, తోబుట్టువులకో అలాంటి జబ్బు ఉన్న కుటుంబంలో పుట్టిన పిల్లలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటి కుటుంబంలోని పిల్లవాడికి పొగా వద్దు, ఆవిరీ వద్దు. ఇలా మాటలు వినబడుతున్న పిల్లవాడికి గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ నెలలు పోగొట్టుకోవద్దు. మొదటి వారాల్లోనే మానసిక వైద్యునికి చూపిస్తే కోలుకొనే అవకాశం చాలా మెరుగు.

గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. గుండెజబ్బు ఉన్న పెద్దలకు ఇది మంచిది కాదు. గర్భిణులు ఏ రూపంలోనూ ముట్టకూడదు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. ఇక ఆ మత్తులో బైకు తీసి నర్సాపూర్ అడవి దారిలో వెళ్లే కుర్రవాడికి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండి ఏం లాభం?

చాలామందికి తెలియని బాధ ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి గంజాయి వాడినవారిలో కొందరికి తెరలు తెరలుగా వాంతులు, కడుపునొప్పి వస్తాయి. వేడినీళ్లు ఒంటి మీద పోసుకుంటే ఉపశమనంగా ఉంటుంది కనుక గంటల తరబడి స్నానాల గదిలోనే ఉంటారు. గ్యాస్ అనుకొని మాత్రలు మింగుతూ, స్కానింగుల మీద స్కానింగులు తీయించుకుంటారు. గంజాయి పూర్తిగా మానితేనే ఇది తగ్గుతుంది. ఆవిరికి మారితే తగ్గదు. వైద్యునికి గంజాయి సంగతి దాచితే జబ్బు పట్టుబడదు.

నూనె కార్ట్రిడ్జ్‌లతో జాగ్రత్త

ఆకును వేడిచేసే మిషను ఒకటైతే, పెన్నులాంటి పరికరంలో నూనె ద్రవం నింపి పీల్చేది మరొకటి. 2019లో అమెరికాలో ఈ ద్రవాలు పీల్చిన యువకులకు ఉన్నట్టుండి ఆయాసం, జ్వరం, వాంతులు వచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు. మృతులు 68 మంది. దొంగచాటుగా అమ్మే గంజాయి ద్రవాన్ని చిక్కగా చేయడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనెను ప్రధాన కారణంగా గుర్తించారు. మింగితే హాని చేయనిది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం తీసింది. అందుకే ఆస్తమాకు ఇచ్చే నెబ్యులైజర్‌లో కూడా వైద్యుడు రాసిన మందు తప్ప ఏ నూనె, ఏ ద్రవం పోయకూడదు.

మూసిన గదిలో నలుగురు కూర్చొని ఒకే చిలుం గానీ ఒకే మిషను గానీ చేతులు మార్చుకుంటే, వారిలో ఒకరికి క్షయ ఉన్నా మిగతావారికి అంటుకోగలదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే, పొగ వల్లే అనుకోకుండా కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితం.

చట్టం మాట

కెనడా సంగతి కెనడాది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి వాడినందుకే ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. దాన్ని కాల్చారా, వేడి చేశారా అని చట్టం చూడదు. వేడి చేసి ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ పరికరాల అమ్మకం, దిగుమతి, నిల్వ కూడా 2019 చట్టంతో నిషేధమయ్యాయి. అయితే అదే 1985 చట్టంలో 64-ఏ సెక్షను ఉంది. అలవాటుకు బానిసైన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే, వాడినందుకు, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకు శిక్ష నుండి రక్షణ పొందవచ్చు. ఇది తెలియక భయంతో దాక్కొనేవారే ఎక్కువ.

మానాలనుకుంటే

గంజాయి మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చెమటలు మొదలవుతాయి. మొదటి వారం కష్టం. రెండు, మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఆ రోజుల్లో కుర్రవాడు విసుక్కుంటే "చూడు, మళ్లీ మొదలుపెట్టావు" అని నిందించకండి, మానినందువల్లే ఆ విసుగు. దీనికని ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. ఓపికగా చేసే కౌన్సెలింగే ప్రధాన చికిత్స.

కానీ ఒక హెచ్చరిక. గంజాయితో పాటు కల్లు కూడా తాగేవారు మన జిల్లాలో ఉన్నారు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలుపుతారన్నది మనకు కొత్త సంగతి కాదు. అలాంటి కల్లు రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్ రావచ్చు. వీరు ఇంట్లో తమంతట తాము మానకూడదు, వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

మిగతావారు ముందుగా మాట్లాడటానికి 14446కు ఫోన్ చేయవచ్చు. అది మత్తు అలవాట్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. భయం, అనుమానం, నిద్రలేమి వంటి మానసిక బాధలకు టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు కుర్రవాడిని బలవంతంగా లాక్కురావలసిన పని లేదు. రానంటే ముందు మీరే రండి.