పాత బండి నేర్పే పాఠం



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు అడిగారు. నాకు కవితలు రావు, కథలు రావు. ఈ హాస్టల్లో టెన్త్ దాకా చదివి, తర్వాత ఐ.టి.ఐ.లో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేశాను. నాకు తెలిసింది ఇంజను ఒక్కటే. అందుకని ఇంటి షెడ్డులో పాత మోటారు సైకిల్ ఇంజనుకు కొత్త బలం పోసిన ఒక మనిషి గురించి, ఆ ఇంజనులో దాగి ఉన్న మీ టెన్త్ పాఠాల గురించి రాస్తున్నాను.

నేను పారేసిన పిస్టన్

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. టెన్త్ రాసిన వేసవిలో ఒక మెకానిక్ షెడ్డులో పనికి చేరాను. ఒకరోజు పాలు పోసే ఆయన బండి బోరుకు వచ్చింది. లేత్ షాపులో బోర్ కొట్టించి, ఓవర్ సైజ్ పిస్టన్ తెచ్చారు. గ్యాపు కొలిచి ఎక్కించమని మేస్త్రి చెప్పి బయటికి వెళ్లారు. నేను పిస్టన్‌ను వేలితో తోసి చూశాను. సాఫీగా దిగింది. ఫీలర్ గేజ్ ముట్టుకోకుండానే ఇంజను బిగించేశాను.

పాలాయన నాలుగు కిలోమీటర్లు వెళ్లాడో లేదో ఇంజను పట్టేసింది. పిస్టన్ పక్కలు గీరుకుపోయి బ్లాకుకు అతుక్కుంది. మూడు రోజులు ఆయన క్యాన్లు సైకిల్‌కు కట్టుకుని పాలు పోశాడు. మేస్త్రి నన్ను తిట్టలేదు, అది ఇంకా బాధ. ఆ పిస్టన్ ఎవరి కంటా పడకూడదని షెడ్డు వెనక తుమ్మ చెట్లలోకి విసిరేశాను.

అలా విసిరేయడమే నేను చేసిన అసలు తప్పని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తెలియజెప్పింది ఈ మనిషి కథే.

ఎవరీ బర్ట్ మన్రో?

న్యూజిలాండ్ దేశానికి దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర రైతు కుటుంబంలో 1899లో బర్ట్ మన్రో పుట్టారు. ఆయన దగ్గర 1920 మోడల్ 'ఇండియన్ స్కౌట్' మోటారు సైకిల్ ఉండేది. పేరు చూసి మన దేశం బండి అనుకోకండి. అది అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో తయారైంది. ఆ కంపెనీ 1901లో మొదలైంది. అక్కడి ఆదివాసులను ఆ రోజుల్లో 'ఇండియన్లు' అనేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఆ బండికి రెండు సిలిండర్లు. ఇంజను సుమారు 600 సి.సి. కొన్ననాడు దాని గరిష్ఠ వేగం గంటకు సుమారు 88 కిలోమీటర్లు. మన్రో 1926లో దాన్ని మార్చడం మొదలుపెట్టారు. పగలు మోటారు సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. ఒక్కోసారి రాత్రంతా పని చేసి, తెల్లవారి అలాగే ఉద్యోగానికి వెళ్లేవారు. రేసు కంపెనీలకుండే యంత్రాలు ఆయనకు లేవు. పిస్టన్‌లను పాత డబ్బాల్లో తానే పోతపోసుకున్నారు. ట్రాక్టర్ ఇరుసు ఉక్కును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసుకున్నారు. సిలిండర్లు, ఫ్లైవీలు కూడా చేతి తయారీయే. మైక్రోమీటర్ స్థానంలో ఒక పాత స్పోకు పుల్ల వాడారు.

ఇంజనుకు బలం ఎలా వస్తుంది?

ఇంజను బలం అంటే ముఖ్యంగా మూడు సంగతులు. ఒకసారికి ఎంత గాలి, పెట్రోలు లోపలికి పీలుస్తుంది? దాన్ని ఎంత గట్టిగా నొక్కుతుంది? నిమిషానికి ఎన్నిసార్లు ఆ పని చేస్తుంది?

మొదటిది మీ గణితంలో ఉన్న స్థూపం ఘనపరిమాణమే. స్కౌట్ సిలిండర్ వ్యాసం సుమారు 7 సెంటీమీటర్లు. పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం సుమారు 7.8 సెంటీమీటర్లు. వ్యాసార్ధం 3.5, దాని వర్గం 12.25. దాన్ని 22/7తో గుణిస్తే 38.5. మళ్లీ 7.8తో గుణిస్తే 300.3 ఘన సెంటీమీటర్లు. సిలిండర్లు రెండు కాబట్టి 600.6. బండి మీద రాసే 'సి.సి.' అంటే ఇదే. చూశారా, టెన్త్ లెక్క బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసింది! మన్రో ఈ 600ను పెంచుకుంటూ పోయి 1962 నాటికి 850 చేశారు, 1967 నాటికి 950 చేశారు.

రెండోది నొక్కడం. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది కదా. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఇంజనులో మిశ్రమాన్ని ఎంత ఎక్కువ నొక్కి మండిస్తే, అదే పెట్రోలు నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. అయితే హద్దు ఉంది. మరీ నొక్కితే మిశ్రమం సమయం కాకుండా పేలి, పిస్టన్‌కే చిల్లు పెడుతుంది.

మూడోది ఊపిరి. పాత స్కౌట్‌లో వాల్వులు సిలిండర్‌కు పక్కన ఉండేవి. గాలి పక్క నుంచి వచ్చి, మెలిక తిరిగి సిలిండర్‌లోకి దిగాలి. ఇరుకు సందులో జనం తోసుకున్నట్టే, ఇంజను జోరు పెరిగేకొద్దీ గాలి అందదు. పైగా మంట మండే గది పక్కకు సాగిపోయి ఉంటుంది కాబట్టి ఎక్కువ నొక్కడానికీ వీలు కాదు. మన్రో ఆ వాల్వులను హెడ్డులోకి, అంటే పిస్టన్ నెత్తి మీదికి మార్చారు. గాలికి తిన్నని దారి దొరికింది. వాల్వులను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పేవి కామ్‌లు. కంపెనీ ఇచ్చిన రెండు కామ్‌ల పద్ధతి తీసేసి, నాలుగు కామ్‌ల పద్ధతి తానే తయారు చేసుకున్నారు.

కాగితం మందం

బలం పెరిగితే వేడి పెరుగుతుంది. వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది. ఇది మీరు చదివిందే. కానీ ఎంత?

ఏడు సెంటీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే వెడల్పున్న పోత ఇనుప సిలిండర్ అదే వేడికి సుమారు 0.08 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అంటే లోపలిది బయటిదాని కంటే రెట్టింపు ఉబ్బుతుంది. దానికి తోడు మంట పక్కనే ఉండే పిస్టన్ సిలిండర్ కంటే ఎక్కువ కాలుతుంది. మొదట్లోనే సరిపడా గ్యాపు ఉంచకపోతే ఉబ్బిన పిస్టన్ గోడను పట్టేస్తుంది. మరీ ఎక్కువ ఉంచితే గ్యాసు కిందికి జారి బలం పోతుంది, చప్పుడు వస్తుంది.

ఆ తేడా అంతా మీ నోటు పుస్తకంలో ఒక కాగితం మందం. పాలాయన బండిలో నేను వేలితో చూసింది ఆ మందాన్నే! వేలికి అది తెలియదు. అది తెలియడానికే కొలత కావాలి. మన్రో పనిముట్టు స్పోకు పుల్లే కావచ్చు, కానీ ఆయన కొలవడం మానలేదు. నా ఎదురుగా ఫీలర్ గేజ్ ఉంది, అయినా నేను కొలవలేదు. పనిముట్టు లేకపోవడం వేరు, ఓపిక లేకపోవడం వేరు.

గాలి అనే గోడ

ఇక్కడ ఒక లెక్క చూడండి. 950ని 600తో భాగిస్తే 1.6 కూడా రాదు. కానీ బండి వేగం 88 నుంచి 295 కిలోమీటర్లకు, అంటే మూడు రెట్ల పైకి పెరిగింది. ఇది ఎలా సాధ్యం?

వేగంగా వెళ్లే బండిని ఆపేది ఎక్కువగా గాలి. వేగం రెండు రెట్లయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డును రెట్టింపు వేగంతో నెట్టాలి కాబట్టి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు. వేగం 3.3 రెట్లయితే? 3.3ను మూడుసార్లు గుణించండి, సుమారు 36 వస్తుంది. బండి ఆకారం మార్చకపోతే పాత ఇంజను కంటే 36 రెట్ల బలం కావాలన్నమాట. ఒక్క ఇంజను మీద అంత బలం తేవడం అయ్యే పని కాదు. అందుకే మన్రో బండికి చేప ఆకారంలో పొడుగాటి తొడుగు చేసుకుని, అందులో బోర్లా పడుకుని నడిపారు. ఒక వైపు బలం పెంచారు, ఇంకో వైపు అడ్డు తగ్గించారు.

షెల్ఫ్ మీది నైవేద్యాలు

ఇదంతా ఒక్కసారికి అయిన పని కాదు. పోతపోసిన పిస్టన్లు ఎన్నో కరిగాయి, పగిలాయి. రాడ్లు విరిగాయి. ఒక భాగం బలపడితే దాని పక్క భాగం విరిగేది. దాన్ని బాగుచేస్తే ఇంకొకటి. అలా నలభై ఏళ్లు నడిచింది.

విరిగిన ఆ ముక్కలను మన్రో పారేయలేదు. షెడ్డులో ఒక షెల్ఫ్ మీద వరుసగా పెట్టుకున్నారు. దాని మీద 'వేగ దేవుడికి నైవేద్యాలు' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసుకున్నారు.

ఈ సంగతి మొదట విన్నప్పుడు నేను నవ్వాను. తర్వాత తుమ్మ చెట్లు గుర్తొచ్చాయి. గీరుకుపోయిన పిస్టన్‌ను జాగ్రత్తగా చూస్తే అది ఎక్కడ పట్టిందో, ఎందుకు పట్టిందో చెబుతుంది. నాలుగు పక్కలా గీతలుంటే గ్యాపు చాలలేదని, ఒకే పక్కనుంటే వంకర ఉందని, నూనె అందకపోతే అదీ చెబుతుంది. నేను సిగ్గుతో దాన్ని పారేసి, నాకు చెప్పగలిగిన ఒక్క గురువునూ పారేశాను. తప్పిన పరీక్ష పేపరు చింపేయడం కూడా ఇలాంటిదే తమ్ముళ్లారా.

ఉప్పు మైదానంలో

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోనవిల్ అనే ఉప్పు మైదానం ఉంది. బల్లపరుపుగా, మైళ్ల కొద్దీ తెల్లగా ఉంటుంది. వేగం రికార్డులు అక్కడ కొలుస్తారు. గాలి ఒక వైపు తోసే అవకాశం ఉంది కాబట్టి రెండు దిశల్లోనూ నడిపించి సగటు తీస్తారు.

అప్పటికే గుండె జబ్బు ఉన్న మన్రో 1962లో అక్కడ గంటకు 288 కిలోమీటర్ల వేగంతో రికార్డు పెట్టారు. 1966లో పై తరగతిలో సుమారు 270 వచ్చింది. అంటే అంకె తగ్గింది! ఆయన ఆగలేదు. 1967 ఆగస్టులో, తన 68వ ఏట, 47 ఏళ్ల వయసున్న బండి మీద, 1000 సి.సి. లోపు తరగతిలో 183.586 మైళ్లు, అంటే సుమారు 295 కిలోమీటర్ల రికార్డు పెట్టారు. 1978లో ఆయన కన్నుమూశారు. 2005లో ఆయన కథతో సినిమా వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన కొడుకు పాత కాగితాలు చూస్తూ సగటు లెక్కలో పొరపాటు కనిపెట్టారు. 2014లో ఆ రికార్డును 184.087 మైళ్లుగా దిద్దారు. మనిషి పోయిన 36 ఏళ్లకు రికార్డు పెరిగింది. పెంచింది కొత్త ఇంజను కాదు, సగటు లెక్క!

ఒక హెచ్చరిక

ఇది చదివి ఎవరూ అన్నయ్య బండి విప్పకండి. మన్రో ఆ వేగం చూపించింది ఊరి రోడ్డు మీద కాదు, జనం లేని ఉప్పు మైదానంలో, అధికారుల సమక్షంలో. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని సొంతంగా మార్చడం మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇంజను బలం పెంచి బ్రేకులు పాతవే ఉంచితే ప్రాణానికే ముప్పు. లోహం కరిగించడం కూడా ఆట కాదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా ఆవిరై, కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. ఇలాంటివి వర్క్‌షాపులో, తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి.

స్టడీ అవర్‌లో చేయండి

1. సిలిండర్ వ్యాసం 5 సెం.మీ., పిస్టన్ కదిలే దూరం 5 సెం.మీ. అయితే ఆ బండి ఎన్ని సి.సి.? మీ లెక్కను రోడ్డు మీది బండ్లతో పోల్చి చూడండి.

2. 1967లో మన్రో వేగాలు ఒక దిశలో 184.710, రెండో దిశలో 183.463 మైళ్లు. సగటు తీయండి. పైన చెప్పిన రెండు రికార్డుల్లో ఏది సరైనదో మీరే తేల్చండి.

3. నోటు పుస్తకంలో 100 కాగితాలు కలిపి స్కేలుతో కొలిచి, ఒక కాగితం మందం కనుక్కోండి. ఖరీదైన పనిముట్టు లేకుండా చిన్న కొలత తీసే ఉపాయం ఇదే.

4. ఈ ఏడాది మీరు తప్పు చేసిన లెక్కలను ఒక నోటు పుస్తకంలో రాసి, ఎందుకు తప్పిందో పక్కన ఒక్క వాక్యం రాయండి. ఆ పుస్తకమే మీ షెల్ఫ్.

ఇప్పుడు నా పని బల్ల మీద కూడా చిన్న షెల్ఫ్ ఉంది. నా చేతిలో పాడైన సామాను దాని మీద పెడతాను. పనికి వచ్చిన కొత్త కుర్రాళ్లకు ముందు దాన్నే చూపిస్తాను. అందులో లేనిది ఒక్కటే, పాలాయన పిస్టన్.

మీ సీనియర్ అన్నయ్య,
పూర్వ విద్యార్థి, మోటార్ మెకానిక్