ఆల్చిప్ప సాక్ష్యం

పిల్లలూ! సముద్రపు ఒడ్డున రాళ్లను అంటిపెట్టుకొని గుత్తులు గుత్తులుగా ఉండే నల్లని ఆల్చిప్పలను మీరు చూచే ఉంటారు. కెనడా తూర్పు తీరంలో వీటిని బ్లూ మసెల్స్ అంటారు. పెద్ద ఆల్చిప్ప చేపవలె ఈదిపోలేదు. ఉన్నచోటనే ఉండి, గంటకు లీటరుకు పైగా నీటిని లోనికి పీల్చి, అందులోని సూక్ష్మజీవులను తిని, నీటిని విడిచిపెడుతుంది. నీటిలో విషముంటే అదీ దాని ఒంటిలో చేరుతుంది.

నోవా స్కోషియా రాష్ట్రంలో సిడ్నీ అనే రేవు పట్టణం ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ కాదు సుమా! అక్కడ ఉక్కు కర్మాగారం కోసం బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోకు తయారుచేసేవారు. అప్పుడు వచ్చిన తారు దశాబ్దాలపాటు వాగులో పడి రేవుకు చేరింది. రేవు దక్షిణపు పాయలో జాలరులు లాబ్‌స్టర్లను పట్టేవారు. లాబ్‌స్టరంటే పెద్ద డెక్కలు గల జీవి, రొయ్యకు పెద్దన్న. వాటి శరీరంలో తారు రసాయనాలు చేరడంతో 1982లో అక్కడ ఆ వేటను నిలిపివేశారు. జాలరుల తప్పేమీ లేదు, నష్టం మాత్రం వారిదయింది.

ఆ రసాయనాలలో బెంజోపైరీన్ ఒకటి. జీవి శరీరం దీనిని నీటిలో కరిగేటట్లు మార్చి బయటికి పంపజూస్తుంది. చిత్రమేమిటంటే, ఆ మార్పు మధ్యలో పుట్టే ఒక రూపమే జన్యువులుండే డి.ఎన్.ఏ.కు అతుక్కొని దానిని చెడగొడుతుంది. ఆల్చిప్పకు ఇట్లా మార్చే శక్తి చేపకంటె తక్కువ. అందుచేత విషం దానిలో ఎక్కువకాలం నిలుస్తుంది.

ఈ హాని కంటికి కనబడదు. శాస్త్రజ్ఞులు ఆల్చిప్ప రక్తం కొద్దిగా తీసి, రంగువేసి, సూక్ష్మదర్శినితో చూస్తారు. ఆ రక్తం మనదానివలె ఎర్రగా ఉండదు. కణం రెండుగా విడిపోయేటప్పుడు తెగిన డి.ఎన్.ఏ. ముక్క కేంద్రకంలో చేరక, పక్కన చిన్న చుక్కగా మిగిలిపోతుంది. అటువంటి చుక్కలు ఎన్ని కణాలలో ఉన్నాయో లెక్కిస్తారు.

అయితే ప్రతి జబ్బుకూ రసాయనమే కారణమనుకోరాదు. తూర్పు తీరంలో క్లామ్ అనే మరొక రకం చిప్పలకు రక్తపు క్యాన్సరు వస్తుంది. దానికి కాలుష్యం కారణమేమోనని చాలాకాలం అనుమానించారు. ఆ క్యాన్సరు కణాలే ఒక చిప్ప నుండి మరొక చిప్పకు అంటుకుంటున్నాయని 2015లో తేలింది. ఆ పరిశోధనలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు క్లాములు కూడా ఉన్నాయి.

సిడ్నీలో కోకు బట్టీలు 1988లో మూతపడ్డాయి. తారు మడుగులను బాగుచేయడానికి 2004లో 40 కోట్ల డాలర్లు ప్రకటించారు. తారు బురదలో సిమెంటు కలిపి గట్టిపరచి, పైన మట్టి కప్పారు. 2013లో అక్కడ ఉద్యానవనం తెరిచారు. ఆ పని జరుగుతున్నంతకాలం రేవు నీరు ఎట్లా ఉన్నదో తెలుసుకోవడానికి నీటిలో ఆల్చిప్పలను ఉంచి, తీసి, పరీక్షిస్తూ వచ్చారు.