ఊపిరితిత్తిలో గడ్డ… క్యాన్సర్ కాకపోతే మరేమిటి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది చంద్రపూర్ జిల్లా ఘుగుస్. మా నాన్న 30 ఏళ్లు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తి పైభాగాన గడ్డ ఉంది. బయాప్సీలో క్యాన్సర్ లేదు, ‘ఇన్‌ఫ్లమేషన్’ అన్నారు. మరి గడ్డ ఎలా వచ్చింది?

జవాబు: గడ్డ కట్టేది క్యాన్సర్ కణాలే కాదు. ఒంటిని కాపాడే కణాలూ కడతాయి. బొగ్గు దుమ్ము, అందులోని సిలికా ఊపిరితిత్తుల్లోకి చేరితే మాక్రోఫేజ్ అనే కణాలు దాన్ని మింగేస్తాయి. అరిగించుకోలేక చచ్చిపోతాయి. దుమ్ము మళ్లీ బయటపడుతుంది, కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. ఏళ్ల తరబడి సాగే ఈ పోరులో నారపోగులు పేరుకుని చిన్న కణుపులు ఏర్పడతాయి, అవి కలిసి పెద్ద గడ్డలవుతాయి. గని మానేశాక కూడా ఇవి పెరగవచ్చు. పెట్ స్కాన్‌లోనూ క్యాన్సర్‌లా వెలిగి కంగారు పెట్టగలవు.

అయితే రెండు విషయాలు తేల్చుకోవాలి. క్షయ కూడా ఇలాంటి గడ్డే కడుతుంది, సిలికా పీల్చినవారికి ఆ ముప్పు ఎక్కువ. కాబట్టి కళ్లె పరీక్ష తప్పనిసరి. రెండోది, బయాప్సీలో తీసేది చిన్న ముక్కే, క్యాన్సర్ ఉన్నా అందులో దొరక్కపోవచ్చు. అందుకే డాక్టరు చెప్పిన గడువుకు స్కాన్ మళ్లీ తీయించండి. నాన్నగారి పాత ఎక్స్‌రేలు ఉంటే వెతికి పట్టుకెళ్లండి, గడ్డ పాతదా, పెరుగుతోందా అన్నది తేల్చడంలో అవి ఎంతో సాయపడతాయి.

ఇది గని దుమ్ము జబ్బని తేలితే, చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధి. పరిహారం అడగడం ఆయన హక్కు.