ట్రాక్టరు తొట్టి బ్రేకుల సంరక్షణ

ధాన్యపు బస్తాలతో నిండిన తొట్టి, తనను లాగు ట్రాక్టరుకంటె ఎక్కువ బరువు తూగును. కాలువగట్టు దిగునపుడు ట్రాక్టరు బ్రేకు పట్టి తొట్టి బ్రేకు పట్టనిచో, ఆ బరువంతయు వెనుకనుండి నెట్టి బండిని అడ్డము త్రిప్పివేయును. తొట్టికి బ్రేకు దండుగ యనువారు ఈ సంగతి మరువరాదు.

కోతలకు ముందే పరీక్ష చేయుట మేలు. ఖాళీ తొట్టిని చదునైన నేలపై నిలిపి, మిగిలిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఒక చక్రమును జాకీతో లేపవలెను. ఇరుసు క్రింద దిమ్మ పెట్టనిదే చేయి లోపల పెట్టరాదు. బ్రేకు వదలినపుడు చక్రము తేలికగా తిరుగవలెను, పట్టినపుడు గట్టిగా నిలువవలెను. అన్ని చక్రములకు పట్టు సమానముగా లేనిచో తొట్టి ఒక ప్రక్కకు లాగును.

డ్రమ్ము విప్పినపుడు ముఖ్యముగా చూడవలసినది గ్రీజు. హబ్బు సీలు చెడినచో గ్రీజు లోనికి కారి లైనింగునకు పట్టును. దానిని తుడిచి మరల బిగించుట పలువురు చేయు పొరపాటు. కొంత దూరము పోగానే, పీల్చుకొన్న గ్రీజు వేడికి పైకి వచ్చి బ్రేకు జారును. సీలు మార్చి, ఇరుప్రక్కల లైనింగులు క్రొత్తవి వేయించవలెను. రివెట్లు బయటపడువరకు ఆగినచో డ్రమ్ము కూడ గీరుకొనిపోవును. ఆ ఖర్చు లైనింగు ఖర్చుతో పోదు. లోపలి పొడిని నోటితో ఊదక తడిగుడ్డతో తుడవవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు హాని.

హైడ్రాలిక్ బ్రేకులున్న తొట్టిలో, తయారీదారు చెప్పిన నూనె తప్ప వేరొకటి పోయరాదు. తగని నూనెకు లోపలి రబ్బరు ఉబ్బి చెడిపోవును.

రోడ్డు ఎక్కకముందు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెము వేయవలెను. పల్లము దిగునపుడు డీజిలు ఆదాకు ఆశపడి న్యూట్రలులో వదలక, ముందుగానే తక్కువ గేరు వేసికొనవలెను.