ఇంటి పనిముట్లను ఎన్నుకొను విధము

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అను సామెతతో మనవారు పని చేతకానివానిని ఎత్తిపొడుచుట కలదు. సామెత సత్యమే. కాని మద్దెల నిజముగా ఓడైనచో ఎంతటి నేర్పరికైనను తాళము తప్పక మానదు. నట్టు అంచులు అరిగి గుండ్రనైనప్పుడు బాలుడు తన చేతికి పని రాదని చిన్నబుచ్చుకొనును. పెక్కుమారులు ఆ లోపము చేతిది కాదు, పానాది. చెడ్డ పనిముట్టు పనిని చెఱచుటయే గాక నేర్చుకొనువాని ఉత్సాహమును గూడ చంపును. కావున ఇంట చిన్న మరమ్మతులు చేసికొనగోరు విద్యార్థులకును, వారికి పనిముట్లు కొనిపెట్టు తలిదండ్రులకును ఉపయోగపడునట్లు కొన్ని సంగతులను ఇందు వివరింపబూనితిమి.

కలిదిండి ప్రాంతమువారికి ఈ పాఠము మఱింత అవసరము. 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన ఈ మండలము కొల్లేటికిని ఉప్పుటేరునకును చేరువనున్నది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఇచటివారి జీవనాధారము. నీరుతోడు ఇంజనులు, మోటార్లు, సైకిళ్లు, కుట్టుమిషనులు, చెరువునీటిని చిలుకు ఏరియేటర్లు ఊరూరను గలవు. పగటివేళ నీటిలోని నాచు సూర్యరశ్మి సాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ చేపలతోపాటు నాచును ఆ ప్రాణవాయువునే పీల్చును. అందుచేత తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోవును. సరిగా ఆ వేళ ఏరియేటరు నిలిచి, దాని బోల్టుపై వదులు పానా జారి తల అరిగిపోయినచో, నెలల తరబడి పెంచిన చేప తెల్లవారునప్పటికి నీటిపై తేలును. పానా మంచిచెడ్డలు ఒక కుటుంబపు అప్పును తీర్చునవియు, పెంచునవియు గూడ కాగలవు.

ఉక్కు

పనిముట్టునకు ప్రాణము ఉక్కు. రాజరాజనరేంద్రుడు పదునొకండవ శతాబ్దమున ఇచ్చిన తామ్రశాసనము కలిదిండి పేరనే చరిత్రకారులకు తెలిసియున్నది. రాగిరేకుపై అక్షరము చెక్కవలెనన్న చెక్కెడి ఉలి రాగికన్న గట్టిదై యుండవలెను గదా! పనిముట్టు తాను తాకు వస్తువుకన్న గట్టిదిగా నుండవలెననుట మొదటి సూత్రము. కాని గట్టితనమొక్కటియే చాలదు. మిక్కిలి గట్టిదైన ఉక్కు గాజువలె పెళుసై దెబ్బకు పగులును. గట్టితనమును, పగులక ఓర్చుకొను గుణమును సమపాళ్లలో నున్నదే మేలైన పనిముట్టు.

ఈ గుణములు ఇనుములోని కర్బనమును బట్టియు, కాల్చి చల్లార్చిన విధమును బట్టియు కలుగును. నూటికి 0.25 పాలు లోపు కర్బనముగల మెత్తని ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీట ముంచినను తగినంత గట్టిపడదు. తలుపు బందులకు అది చాలును గాని ఉలికి పనికిరాదు. ఉలులలో సుమారు 0.6 నుండి 1 పాలు వఱకును, ఆకురాళ్లలో అంతకన్న కొంచె మెక్కువగాను కర్బనముండును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మన కమ్మరులు మూసలలో కరగించి తీసిన ఉక్కులో సుమారు 1.5 పాలు కర్బనము కలదు. దానికై పర్షియా వర్తకులు అంతదూరము వచ్చెడివారు. అట్టి ఉక్కునకు ఆంగ్లేయులు పెట్టిన ఊట్జ్ అను పేరు మన దక్షిణదేశపు ఉక్కు అను మాటనుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము.

ఎఱ్ఱగా కాల్చి ముంచిన ఉక్కు పెళుసుగా నుండును గనుక కమ్మరి దానిని మరల కొంచెముగా వేడిచేయును. మెఱుగుపెట్టిన ఉక్కుపై సుమారు 230 డిగ్రీల వేడికి గడ్డిరంగును, సుమారు 300 డిగ్రీలకు నీలిరంగును కనబడును. ఈ రంగులను జూచియే అతడు ఎచట ఆపవలెనో నిర్ణయించును. ఈ సంగతి తెలిసినవారు ఉలిని సానచక్రముపై నూరునప్పుడు మాటిమాటికి నీట ముంచెదరు. అంచున నీలిరంగు వచ్చెనా, అచట పదును నిలుపు శక్తి పోయినదన్న మాట.

నేటి పానాలపై క్రోమ్ వెనేడియమ్ అను మాట తఱచుగా ముద్రింపబడి యుండును. ఆ లోహములు కొద్దిగా కలిసినంతనే ఉక్కు బలపడుట నిజమే. కాని ముద్ర వేయుట సులభము, ఉక్కు చేయుట కష్టము. పైపై తళతళయు ఉక్కు గుణమును తెలుపదు. అది తుప్పు పట్టకుండ వేసిన పూత మాత్రమే. 1947లో నెలకొన్న భారతీయ ప్రమాణముల సంస్థ కాలమునుండి వచ్చుచున్న ఐ.ఎస్.ఐ. గుర్తును నేడు భారతీయ ప్రమాణముల బ్యూరో ఇచ్చుచున్నది. ఆ గుర్తును, దానితోడి లైసెన్సు సంఖ్యను ఉన్నచోట చూచికొనుడు. గుర్తున్నను లేకున్నను ఈ క్రింది పరీక్షలు మానరాదు.

అంగడిలో పరీక్షించు విధము

పానా. నోరు తెఱచిన పానా నట్టుయొక్క రెండు పార్శ్వములనే పట్టును. రింగుపానా ఆఱు మూలలను చుట్టి పట్టును. బిగిసిపోయిన నట్టునకు రింగుపానాయే తగినది. 6 మిల్లీమీటర్ల బోల్టు తలకు 10వ నంబరును, 8 మిల్లీమీటర్ల దానికి 13వ నంబరును సాధారణముగా సరిపోవును. కొత్త నట్టునొకదానిని వెంట తీసికొనిపోయి పానాలో నుంచి చూడుడు. సులభముగా దూరవలెను గాని అటునిటు ఊగరాదు. దవడ జరుగు పానాను కొనినచో దవడను చేతితో కదిపి చూడుడు. ఎక్కువగా ఊగునది వలదు. దానిని వాడునప్పుడు బలము కదలని దవడపై పడునట్లు త్రిప్పవలెను.

స్క్రూడ్రైవరు. చదునుమొన దాని గాడికి వెడల్పునను మందమునను సరిపోవలెను. సన్నమొన గాడిలో మెలితిరిగి దాని అంచులను కొఱికివేయును. ప్లస్ గుర్తు స్క్రూలకు మొనల సంఖ్యలు కలవు. ఇంటి పనులకు 2వ సంఖ్య ఎక్కువగా అక్కఱకు వచ్చును. స్క్రూడ్రైవరును ఉలిగా గాని గునపముగా గాని వాడరాదు.

పట్టకారు. దవడలు మూసి వెలుతురునకు ఎత్తి చూడుడు. తీగ కత్తిరించు అంచులనడుమ వెలుగు కనబడరాదు. పలుచని కాగితమును కత్తిరించి చూచిన మఱింత మేలు. కీలు బిఱుసుగా నుండరాదు, పక్కకు కదలరాదు. ఎంత మంచిదైనను పట్టకారుతో నట్టులు విప్పరాదు. దాని పండ్లు నట్టు మూలలను నమలివేయును.

సుత్తె. ఇంటికి 300 మొదలు 500 గ్రాముల సుత్తె చాలును. కామ కర్ర నార ఒక కొననుండి మఱియొక కొనవఱకు తిన్నగా సాగవలెను. అడ్డముగా తెగిన నార గల కామ ఒకనాడు తప్పక విఱుగును. తలలో చీల గట్టిగా దిగియున్నదా యని చూడుడు. ఇనుపతల మంచిదై కామ మాత్రము చెడ్డదైనచో విడువనక్కఱలేదు. వడ్రంగిచేత ఎండిన తుమ్మకర్రతో కొత్తకామ వేయించుకొనవచ్చును. సుత్తెతో సుత్తెను కొట్టరాదు. గట్టి ఉక్కు రెండును తాకి ఎగిరిన పెచ్చు కంటికి అపాయము.

ఇనుము కోయు ఱంపము. దీని ఆకు సాధారణముగా 300 మిల్లీమీటర్ల పొడవుండును. అంగుళమునకు 18, 24, 32 పండ్ల ఆకులు దొరకును. కోయుచున్న మందముపై ఎల్లప్పుడు మూడు పండ్లయినను ఆనియుండవలెను. కావున పలుచని గొట్టమునకు 32 పండ్ల ఆకును, మందపు కడ్డీకి 18 పండ్ల ఆకును తగును. పండ్లు ముందువైపునకు చూచునట్లు బిగింపవలెను, ఏలయన ఇది త్రోయునప్పుడు కోయును.

ఆకురాయి. పిడి లేని ఆకురాయిని ముట్టరాదు. దాని మొనతోక అరచేతిలో దిగును. పండ్లు సమముగాను పదునుగాను ఉండవలెను. అరిగినదానికన్న చిన్నదైనను కొత్తదే మేలు.

మూలమట్టము. దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. తిన్నని అంచుగల పలకపై మూలమట్టము నానించి గీత గీయుడు. దానిని తలక్రిందుగా త్రిప్పి అదేచోటనుండి మరల గీత గీయుడు. రెండు గీతలును ఒకటియైనచో అది నిజమైనది. వేఱైనచో వాని నడుమ కనబడు ఎడము దానిలోని దోషమునకు రెండింతలు.

విద్యుత్తును గూర్చి ఒక హెచ్చరిక. పిడిపై ప్లాస్టిక్కు తొడుగున్నంత మాత్రమున అది రక్షణ కాదు. మన ఇండ్లలోని 230 వోల్టుల ప్రవాహమునకు ప్రాణము తీయు శక్తి కలదు. రక్షణకై చేసిన పనిముట్లపై 1000 వోల్టుల గుర్తుండును. అట్టివి చేతనున్నను, ప్రవాహము నిలుపక ఏ తీగను ముట్టరాదు. బాలబాలికలు ఆ పనిని పెద్దలకే విడువవలెను.

ముందు ఏవి కొనవలెను?

అన్నియు ఒక్కమారు కొనవలెనన్న కోరికయే చౌక పెట్టెలకు దారితీయును. నూఱు ముక్కలున్న పెట్టెలో మనకు పనికివచ్చునవి పదియే యగుట తఱచు. మొదట రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పట్టకారు, 8 మొదలు 19 వఱకు పానాలు, ఒక సుత్తె కొనిన చాలును. తక్కినవి పని వచ్చినప్పుడు కొనుడు. ఊరి కమ్మరిని గూడ మఱవరాదు. పాత లారీ కమానుపట్టెతో అతడు చేసియిచ్చు కత్తియు కొడవలియు మంచి ఉక్కువియై యుండును. మొండివాఱినప్పుడు సరిచేయుటకు ఆతడు ఎదుటనే యుండును.

కాపాడుకొను విధము

నీరును గాలియు కలిసినచోట ఇనుము తుప్పు పట్టును. ఉప్పు దానిని వేగిరపఱచును. ఉప్పుటేటి తీరమున ఈ శత్రువు ఇంటింటికి వచ్చుచుండును. చెరువుగట్టున వాడిన పనిముట్టును మంచినీట కడిగి, పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనెను పలుచగా పూయవలెను. గోనెసంచిలో చుట్టి నేలపై పెట్టరాదు. గోనె చెమ్మను పీల్చి ఇనుమునకు అంటించును. గోడకు పలకకొట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క మేకు నిచ్చినచో తుప్పును కనబడును, పోయినదియు కనబడును. ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగువలె విచ్చుకొనినప్పుడు ఆ అంచును నూరివేయవలెను. లేనిచో ముక్క ఎగిరి కంటికి తగులును.

తలిదండ్రులకు ఒక మనవి. పండుగకు పిల్లవానికైనను పిల్లకైనను ఒక మంచి పానానో స్క్రూడ్రైవరునో కొనియిండు. మంచి ఉక్కు ఒక తరముతో అరిగిపోవునది కాదు. తండ్రి చేతి సుత్తెను కొడుకును కూతురును ఎత్తుట మన పల్లెలలో క్రొత్త గాదు. విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటనున్న పనిముట్ల నన్నిటిని బయటకు తీసి, పైని చెప్పిన పరీక్షలకు నిలుపుడు. నిలిచినవానిని తుడిచి నూనెపూసి గోడకు తగిలింపుడు. నిలువనివి ఏవో, వాని బదులు మొదట కొనవలసినది ఏదో ఒక కాగితముపై వ్రాసి పెద్దలకు చూపుడు.